చూరు కింది ఒంటి గబ్బిలం

పెళ్లయిన ఐదో వారంలో మా గది కిటికీ పక్కన, చూరు కింద, ఒక గబ్బిలం వచ్చి చేరింది. దాన్ని ముందు చూసింది నేనే. కొలాప్ మంచం అంచున కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆమె నడుం దాకా దిగడం, మళ్లీ పైకి ఎక్కడం చూస్తూ, లోకంలో ఇంకే పనీ లేనివాడిలా పడుకుని ఉన్నాను. కిటికీ రెక్క అవతల గోడచెక్క మీద ఎండుటాకు లాంటిదేదో కదిలింది.

"కొలాప్, మనింటికి చుట్టం వచ్చాడు," అన్నాను.

ఆమె దువ్వెన పళ్ల మధ్య కరుచుకుని కిటికీలోంచి మెడ చాచి చూసింది. "చుట్టం కాదు, దొంగ. రాత్రంతా మన మాటలు వినే ఉంటుంది," అంది.

"మనం మాటలు ఎక్కడ చెప్పుకున్నాం?"

దువ్వెన నా మీదికి వచ్చి పడింది. 

ఆ గబ్బిలం వల్లే మా మావయ్య, కొలాప్ వాళ్ల నాన్న సావుత్ చనిపోయాడు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఆ రోజుల గురించి రాయబోతే ఇప్పటికీ నా మనసు సంతోషం వైపే జారిపోతుంది. చదివేవాళ్లను అలా మోసం చెయ్యకూడదు.

మా వైపు పెళ్లయిన మగవాడు అత్తవారింటికే వస్తాడు. నోమ్ పెన్ పట్నంలో నాలుగేళ్లు చదువుకుని, కొలాప్ వాళ్ల ఊరి బడిలో లెక్కల మాష్టారిగా చేరినవాణ్ణి నేను. ఒక పెట్టె పుస్తకాలతో మెకాంగ్ నది దాటి ఆ ఇంట్లో అడుగుపెట్టాను. ఇంటి వెనక పదకొండు తాటిచెట్లు. అవి మా అత్తయ్య ఫల్లాకు వాళ్లమ్మ నుంచి వచ్చినవి. వాటికి కల్లు గీయరు. ఎండిన తాటాకులు మోపులుగా కట్టి, చెట్టు తల కింద చుట్టూ వేలాడదీస్తారు. ఆ ఆకుల మడతల్లో వేల గబ్బిలాలు పగలంతా ఒకదాన్నొకటి ఒత్తుకుని నిద్రపోతాయి. కింద మనిషెత్తున వలలు కట్టి ఉంటాయి. రాలిన పెంట పొద్దున్నే ఊడ్చి గోనెసంచుల్లోకి ఎత్తితే, మిరపతోటల వాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. మొదటి వారం ఆ వాసనకు ముక్కు మూసుకుని తిరిగాను. రెండో వారంలో కొలాప్ జుట్టులో కూడా సన్నగా అదే వాసన ఉందని కనిపెట్టాను. ఆ తర్వాత అది నాకు కంపుగా తోచలేదు.

గాలి గట్టిగా వీచినప్పుడూ, పిల్లల్ని మోసే కాలంలోనూ గబ్బిలాలు వలలో పడుతుంటాయి. పడినవి మళ్లీ లేవలేవు. పొద్దుగూకేలోపు వాటిని ఎత్తి ఆకుకు తగిలించాలి. అదీ ఒట్టి చేత్తోనే. గుడ్డతో పట్టుకుంటే గోళ్లు పోగుల్లో చిక్కి రెక్క చిరుగుతుందంటారు. మావయ్య ఒక్కోదాన్ని అరచేతిలోకి తీసుకుని, ముఖం మీద మెల్లగా ఊది, అది కుదుటపడ్డాక నిచ్చెనెక్కి తగిలించేవాడు. నేనొకసారి జేబురుమాలు తీస్తే చూసి ఆగిపోయాడు.

"ఏంటది అల్లుడూ?"

"కరుస్తుందేమోనని."

"మనకు అన్నం పెట్టేదాన్ని గుడ్డతో పట్టుకుంటావా? మీ అమ్మను కూడా గుడ్డతోనే పట్టుకుంటావా?"

అత్తయ్య పొయ్యి దగ్గర నుంచి, "మాష్టారు కదా, సుద్దముక్క తప్ప ఇంకేదీ ఒట్టి చేత్తో పట్టుకోడు," అంది. కొలాప్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను రుమాలు జేబులో పెట్టేసుకున్నాను. అప్పటి నుంచి నేనూ ఒట్టి చేత్తోనే ఎత్తాను. ఆ చిన్న ఒంట్లో గుండె కొట్టుకోవడం వేళ్లకు తగిలితే ఒళ్లు పులకరించేది.

చూరు కింది గబ్బిలాన్ని తొమ్మిది రోజులు చూశాను. బడి పుస్తకం వెనక పేజీలో రోజూ ఒక వాక్యం రాసుకున్నాను. ఆ పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి రోజు: పొట్ట పండిన తాటిపండు రంగు, చెవులు కొలాప్ చిటికెన వేలి గోరంత. రెండో రోజు: సాయంత్రం తాటిచెట్ల మీంచి గబ్బిలాలన్నీ పొగలా లేచిపోయాయి, ఇది కదల్లేదు. ఆ మాట చదివి వినిపిస్తే కొలాప్, "కొత్తగా కాపురానికొచ్చింది కదా, గది దాటి రావడానికి సిగ్గు. నీలాగే," అంది. నాలుగో రోజు: ఒక చెక్క కిందికి దిగింది. ఐదో రోజు: మిట్టమధ్యాహ్నం ఎండ ముఖం మీద పడుతున్నా తప్పుకోదు, నోరు తెరుచుకుని ఉంటుంది. దాని పక్కన, 'పాడుతోంది' అని రాశాను. ఏడో రోజు: ఎగరబోయి గోడకు కొట్టుకుంది, మళ్లీ పాక్కుంటూ ఎక్కింది.

అత్తయ్యకు ఆ గబ్బిలం మీద ఎంత ముద్దో చెప్పలేను. "తాడిచెట్టు వదిలి పడకగది చూరుకొచ్చిందంటే కడుపు పండుతుందని అర్థం. దాన్ని తరమకండి. కిటికీ రెక్క కూడా మెల్లగా వెయ్యండి," అనేది. కొలాప్ చెవులు ఎర్రబడేవి. నాకు అది చూస్తే రోజంతా హాయిగా ఉండేది.

గుంపులో బతికే జీవి ఒంటరిగా, ఎండలో, మనిషి చేతికందే ఎత్తులో వేలాడుతోంది. నేను చదువుకున్నవాణ్ణి. రోజూ చూశాను, రాసుకున్నాను, నవ్వుకున్నాను.

తొమ్మిదో రోజు ఆదివారం. కొలాప్, అత్తయ్య సంతకు వెళ్లారు. నేను మెట్ల మీద కూర్చుని పిల్లల లెక్కలు దిద్దుతున్నాను. టప్‌మని చప్పుడై చూస్తే, ఎండబెట్టిన చేపల చాప మీద గబ్బిలం వెల్లకిలా పడి ఉంది. నేను లేచేలోపు మావయ్య వలల దగ్గర నుంచి వచ్చేశాడు. అలవాటుగా అరచేతిలోకి తీసుకుని ముఖం మీద ఊదాడు. అది ఒక్కసారిగా మెడ తిప్పి బొటనవేలి మొదట్లో పట్టేసింది. మామూలుగా అయితే కరిచి వదిలేస్తాయి. ఇది వదల్లేదు. మావయ్య రెండో చేత్తో దాని దవడ విడదీయాల్సి వచ్చింది. రెండు చుక్కల రక్తం వచ్చింది. భుజం మీది గళ్ల తువ్వాలుతో తుడుచుకుని, గబ్బిలాన్ని మళ్లీ చూరుకు తగిలించాడు.

"కోపంగా ఉంది పిల్లదానికి," అన్నాడు.

సాయంత్రానికి అది వేలాడుతూనే చచ్చిపోయి ఉంది.

ఆడవాళ్లు ఇంకా తిరిగి రాలేదు. నేను ఇంటి ముందుకు వెళ్లి వన్నక్‌కు ఫోన్ చేశాను. కాలేజీలో నా గదిలోనే ఉండేవాడు, ఇప్పుడు నోమ్ పెన్‌లో మందుల షాపు నడుపుతున్నాడు.

"కొత్త పెళ్లికొడుకా, మమ్మల్ని కూడా తలుచుకుంటున్నావా?" అన్నాడు.

"మా మావయ్యను గబ్బిలం కరిచింది రా. అది పగలంతా నోరు తెరుచుకుని ఉండేది. ఇవాళ చచ్చిపోయింది."

వాడి గొంతులో నవ్వు పోయింది. "సబ్బుతో కడిగారా?"

"తువ్వాలుతో తుడుచుకున్నాడు."

"ఇప్పుడే కడిగించు. రేపు పొద్దున్నే ఇక్కడికి తీసుకురా. కుక్క కరిస్తే వేసే సూదులే. వీరక్, విను. ఆ జబ్బు మొదలవకముందు సూదులున్నాయి. మొదలయ్యాక ఏమీ లేదు. ఎవరూ బతకరు. మర్యాద కోసం ఆగకు."

సబ్బు పట్టుకుని తాటిచెట్ల కిందికి వెళ్లాను. మావయ్య చచ్చిన గబ్బిలాన్ని పాతిపెట్టి చేతులు దులుపుకుంటున్నాడు. వన్నక్ చెప్పిందంతా చెప్పాను. ఆయన సబ్బు తీసుకుని, నన్ను సంతోషపెట్టడానికన్నట్టు చెయ్యి కడుక్కున్నాడు.

"పిచ్చి పట్టేది కుక్కలకు. గబ్బిలానికి పిచ్చేంటయ్యా?" అన్నాడు. చేతులు తిప్పి చూపించాడు. వేళ్ల నిండా తెల్లటి చుక్కలు. "నలభై ఏళ్లుగా కరుస్తున్నాయి ఇవి నన్ను."

"అవి భయపడి కరిచాయి మావయ్యా. ఇది జబ్బుతో కరిచింది."

"నీకు చెప్పి కరిచిందా?"

నాకు నవ్వు రాలేదు. అది చూసి ఆయన కూడా నవ్వు ఆపేశాడు. వల అంచు పట్టుకుని ఏటి వైపు చూశాడు.

"ఏటి అవతల చాన్ వాళ్ల చెట్లు చూశావు కదా. బోడిగా ఉంటాయి. మూడేళ్ల కింద గబ్బిలాలతో జబ్బొస్తుందని ఎవరో అన్నారు. ఒక్క పొద్దుటిపూట ఊరంతా కలిసి ఆకులు కోసేశారు. అవి మళ్లీ రాలేదు. చాన్, వాడి పెళ్లాం, ఇద్దరు కూతుళ్లు ఇటుక బట్టీలకు పోయారు. నేను పట్నం పోయి గబ్బిలం కరిచిందని చెప్పాననుకో, వారం తిరక్కుండా ముఖాలకు గుడ్డలు కట్టుకుని దిగుతారు. ఈ చెట్లు నావి కాదు, ఫల్లావి. వాళ్లమ్మ పోతూ నా చేతిలో పెట్టి పోయింది."

"కుక్క కరిచిందని చెబుదాం మావయ్యా. ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరి కుక్క? ఈ ఊళ్లో ఏ కుక్క ఎవరిదో అందరికీ తెలుసు. నా మాట కోసం ఇంకొకడి కుక్కను కొట్టి చంపుతారు." ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "కొలాప్‌కు చెప్పకు. అది వింటే వాళ్లమ్మకు చెబుతుంది, వాళ్లమ్మ సంత మొత్తానికి చెబుతుంది. నీ కడుపులో పెట్టుకో కొడుకా."

అల్లుడూ అనలేదు, కొడుకా అన్నాడు. మా నాన్న నాకు ఊహ తెలియక ముందే పోయాడు. ఆ పిలుపుకి నేను తలూపాను. అదొక్కటే కారణం అంటే అబద్ధం. ఆ ఇంట్లో నా రోజులు అంత బాగున్నాయి. వాటిని చెడగొట్టే మాట నా నోట రావడం నాకిష్టం లేకపోయింది.

మర్నాడు ఆయన మంత్రాల ముసలాయన దగ్గరికి వెళ్లి, గాటు మీద తమలపాకు నమిలి ఉమ్మించుకుని వచ్చాడు. ఎర్రటి బొటనవేలు నాకు చూపించి కన్ను గీటాడు. కొత్త సంవత్సరం పండగ అయ్యాక పట్నం వస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటకు నాకు ఎంత తేలికైందంటే, ఆ సాయంత్రం కొలాప్‌ను స్కూటరు మీద ఎక్కించుకుని ఏటి గట్టంతా తిప్పాను.

నడివేసవిలో మా కొత్త సంవత్సరం వచ్చింది. మూడు రోజులు ఊరంతా నీళ్లు చల్లుకున్నాం, పౌడరు పూసుకున్నాం. కొలాప్ నా ముఖమంతా తెల్లగా చేసి, "ఇప్పుడు పట్నం పిల్లాడిలా ఉన్నావు," అంది. మావయ్య రెండు చేతుల్లో పెద్ద తాడు పట్టుకుని ఆడవాళ్ల జట్టు మీద లాగి, ఓడిపోయి, మట్టిలో కూలబడి నవ్వాడు. నేను ఆ బొటనవేలు చూశాను. మానిపోయింది. మానిపోయింది కదా అనుకున్నాను.

పండగ వెళ్లిన వారానికి అడిగాను. వలలు మార్చాలి, తొలివాన పడ్డాక వస్తానన్నాడు. వన్నక్ రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. మొదటిదానికి 'వస్తున్నాం' అని రాశాను. రెండోది వచ్చినప్పుడు కొలాప్ నా ఒళ్లో తల పెట్టుకుని మామిడికాయ ఉప్పు కారం అద్దుకుని తింటోంది. ఫోన్ బోర్లా పెట్టేశాను.

తొలివాన పడింది. మర్నాడు మావయ్య చెయ్యి గోక్కుంటూ కనిపించాడు. బొటనవేలి దగ్గర మొదలై మోచేతి దాకా చీమలు పాకినట్టుందన్నాడు. కొలాప్ పక్కన కూర్చుని మందు రాసింది.

"నాన్నా, అన్నం గోరుముద్దలు పెట్టమంటావా? ముసలాడివైపోయావు," అంది.

"నువ్వు పెడతానంటే ఇవాళే ముసలాణ్ణైపోతాను," అన్నాడాయన. ఆమె నా వైపు చూసి నవ్వింది. నేనూ ఏదో అని నవ్వించాను. ఆ వెంటనే లేచాను. గుడి వెనక్కి వెళ్లి వన్నక్‌కు ఫోన్ చేశాను. చేతిలో చీమలు పాకినట్టుందట అని చెప్పాను. "తీసుకురా," అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో తొందర లేదు. అందుకే భయపడ్డాను.

తర్వాతి పొద్దున మావయ్యకు జ్వరం. ఫ్యాను తిప్పితే ఉలిక్కిపడి ముఖం కప్పుకున్నాడు. అత్తయ్య గంజి తెచ్చింది. గిన్నె పెదవుల దగ్గరికి రాగానే ఆయన మెడ నరాలు తాళ్లలా లేచాయి. గంజి మింగలేక, ఊపిరి తీసుకోలేక, గిన్నె తోసేశాడు. కాసేపటికి తేరుకుని, సిగ్గుపడుతున్నట్టు, "గొంతుకేదో అడ్డం పడుతోంది ఫల్లా. కొంచెం నీళ్లియ్యి," అన్నాడు. నీళ్ల చెంబు చూడగానే మళ్లీ అదే.

వ్యాను మాట్లాడుకుని పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో కిటికీలు మూసి దుప్పట్లు కట్టాం. గాలి తగిలితే ఆయన అరుస్తున్నాడు. డాక్టరమ్మ కొలాప్ కన్నా రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. ఆయన ముఖం మీద ఒకసారి మెల్లగా ఊది చూసింది. ఆయన ఒళ్లంతా విల్లులా వంగిపోయింది. అప్పుడు మా వైపు తిరిగింది.

"ఈ మధ్య ఏదైనా కరిచిందా? కుక్కగానీ, పిల్లిగానీ?"

"మా ఇంట్లో కుక్కే లేదమ్మా," అంది అత్తయ్య.

"ఊళ్లో కుక్కలు? బాగా గుర్తు చేసుకోండి."

"ఏదీ కరవలేదండీ," అంది కొలాప్. "నాన్నకు చీమ కుట్టినా ఇంటిల్లిపాదికీ చూపిస్తాడు."

మావయ్య కళ్లు నా మీద ఉన్నాయి. వద్దంటున్నాయో, చెప్పమంటున్నాయో నాకు తెలియలేదు.

"గబ్బిలం," అన్నాను. "మా కిటికీ పక్కన ఉండేదే. పండగకు పద్దెనిమిది రోజుల ముందు. ఇవాళ్టికి నలభై ఆరు రోజులు."

డాక్టరమ్మ రాసుకుంటున్న చెయ్యి ఆగింది. కొలాప్ నా వైపు తిరగలేదు. తండ్రి చెయ్యి తిప్పి, బొటనవేలి మొదట్లో రెండు చిన్న మచ్చలున్న చోట తన వేలు పెట్టింది.

మందు ఇచ్చి ఇంటికి పంపేశారు. నొప్పి తెలియకుండా మాత్రమే ఆ మందు. ఆయన ఉమ్ము తగిలినవాళ్లందరం సూదులు వేయించుకోవాలన్నారు. ఇంట్లో మూడు రోజులున్నాడు. మధ్యలో మతి వచ్చినప్పుడు అందర్నీ గుర్తుపట్టేవాడు. ఒకసారి నన్ను పిలిచి, "వానకు వలలు సాగుతాయి. బిగించి కట్టు," అన్నాడు. నేను తలూపాను. ఆ పూటే పోయాడు. పెదవులు తడపడానికి కూడా నీళ్లు పెట్టలేకపోయాం.

దహనమైన మర్నాడే ఊరివాళ్లు వచ్చారు. గడకర్రలకు కొడవళ్లు కట్టుకుని, ముఖాలకు గుడ్డలు కట్టుకుని వచ్చారు. అందరూ తెలిసినవాళ్లే. నిన్న పాడె మోసినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ముందున్న పెద్దాయన చేతులు జోడించి, "ఫల్లా, మాకూ పిల్లలున్నారు," అన్నాడు. మావయ్య ముందే సూది వేయించుకుని ఉంటే ఊరికి ఏ సంగతీ తెలిసేది కాదేమో. ఏ భయంతో దాచామో ఆ భయమే కొడవళ్లు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. అత్తయ్య మెట్ల మీద కూర్చుని, పదకొండు చెట్లూ బోడి అయ్యేదాకా చూసింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నన్ను కూడా. పగటి వెలుగులో గబ్బిలాలు దారి తెలియక గోడలకు కొట్టుకున్నాయి. చాలా చచ్చాయి. మిగిలినవి మూడు రోజులు తెల్లవారుజామున వచ్చి ఆ చెట్ల చుట్టూ తిరిగి వెళ్లాయి. నాలుగో రోజు రాలేదు.

మూడో సూది వేయించుకుని వస్తున్నాం, నేనూ కొలాప్. ఏరు దాటే పడవలో స్కూటరు నిలబెట్టి, పక్కన నిలబడ్డాం. మావయ్యను ఆసుపత్రి నుంచి తెచ్చినప్పటి నుంచీ ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. ఉప్పు ఎక్కడుంది, సంచీ ఇటివ్వు, అలాంటివి. నడి ఏట్లో నోరు విప్పింది.

"పండగనాడు నా చేత ముఖమంతా పౌడరు పూయించుకున్నావే, అప్పటికి నీకు తెలుసు."

"తెలుసు."

"నాన్న చేతికి నేను మందు రాస్తుంటే పక్కనే కూర్చున్నావు. అప్పుడూ తెలుసు."

"తెలుసు."

"అప్పుడు కూడా నన్ను నవ్వించావు."

నా దగ్గర చాలా జవాబులున్నాయి. ఆయన కొడుకా అన్నాడని, మాట తీసుకున్నాడని, ఆమె నవ్వు చూస్తూ చెప్పలేకపోయానని. అన్నీ నిజాలే.

"నవ్వించాను," అన్నాను.

ఆమె తల కదిపి, కోళ్ల గంపల పక్కకు వెళ్లి నిలబడింది. పడవ గట్టుకు ఆనింది. నేను స్కూటరు దించుకుని వచ్చేదాకా ఆమె గట్టు మీద ఆగింది, ఇంటికి ఆరు మైళ్లు, ఇంకో బండి లేదు. వెనక ఎక్కి కూర్చుంది. బురద దారి. గుంత వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి నా నడుం మీద పడుతుందేమోనని మెల్లగా పోనిచ్చాను. ఆమె వెనకనున్న ఇనుప కడ్డీనే పట్టుకుని కూర్చుంది, ఇల్లు వచ్చేదాకా.